ఊట మలుపు మీది వట్టివేరు

పోయిన నెల మా ప్రభాకర్ వచ్చాడు. నా చెల్లెలి కూతురి కొడుకు. రోడ్ల శాఖలో ఇంజనీరు, అనంతగిరి ఘాట్ రోడ్డు వెడల్పు చేసే పనిలో ఉన్నాడు. వాడెప్పుడూ ఒట్టి చేతులతో రాడు, ఏదో ఒకటి తెస్తాడు, అదీ నాకు అక్కర్లేనిదే తెస్తాడు. కిందటిసారి పచ్చి కాఫీ గింజలు తెచ్చాడు. వాటిని వేయించే ఓపిక నాకెక్కడిది? డబ్బాలో అలాగే ఉన్నాయి. ఈసారి తడి గోనెసంచి ఒకటి భుజాన వేసుకొచ్చి, అప్పుడే తుడిచిన వరండాలో దబ్బున దించాడు. బురద నీళ్లు గడప దాకా పారాయి. "ఏట్రా ఇది, నా కొంప పాడుసేత్తన్నావు?" అన్నాను. కోపం వస్తే నాకు బడిలో చెప్పిన భాష పోయి మా అమ్మ భాష వస్తుంది. "గడ్డి, పెద్దమ్మమ్మా. వానొస్తే పెరటి గట్టు కొట్టుకుపోతోందన్నావుగా. దీన్ని వరసగా నాటు, ఇక కదలదు" అన్నాడు.

కాఫీ తాగుతూ వాడు తన పని గురించి చెప్పాడు. చెప్పడం మొదలుపెడితే వాడికి ఎదుట ఉన్నది ముసలమ్మ అన్న సంగతి గుర్తుండదు. కొండ రోడ్లు పాడవడానికి బళ్ల బరువు కంటే నీరే పెద్ద కారణమట. కొండ కడుపులో నీరు ఎంత మట్టం దాకా లేస్తోందో తెలుసుకోవడానికి ఇప్పుడు సన్నని గొట్టాలు దించి కొలుస్తారట. ఉత్త సిమెంటు గోడ కట్టి ఊరుకుంటే దాని వెనక నీరు చేరి గోడనే తోసేస్తుందట. అందుకని గోడలో కన్నాలు పెట్టి, కోసిన గట్టు మీద కొబ్బరిపీచు వల పరిచి, లోతుగా వేళ్లు దించే గడ్డి నాటుతున్నారట. గుంటలు పడ్డాక పూడ్చడం కాదు, చిన్న పగులు కనిపించినప్పుడే మూసెయ్యాలట. నేను ఊఁ కొడుతూ, సంచిలోంచి ఒక దుబ్బు తీసి వేరు తుంచి వాసన చూశాను. ఇక వాడి మాటలు నాకు వినిపించలేదు. అది వట్టివేరు. మా అమ్మ మంచినీళ్ల కుండ వాసన, చీరల పెట్టె వాసన. ఇంతకాలం తర్వాత ఆ వాసన గుండెలో కలుక్కుమంటుందని నేననుకోలేదు.

నా చిన్నతనం పంతొమ్మిది వందల ఇరవైల నాటిది. చింతపల్లి వైపు కొండల్లో పితూరీ గొడవలు చల్లారిన కొత్తలు. దొరలకు మన్యంలోకి రోడ్లు కావలసి వచ్చాయి. మా నాన్న దేవసహాయం అనంతగిరి ఘాటీలో రోడ్డు మేస్త్రీ. మిషను బడిలో చదువుకుని, రాతిపని నేర్చుకుని, కొండ మీదికి ఎక్కినవాడు. రోడ్డు పక్కనే రెండు గదుల పూరిల్లు మాకిచ్చారు. ఒక గదిలో మేము, రెండో గదిలో పలుగులు, పారలు, దిమ్మిసలు, తడిసిన తట్టలు. తెల్లారగట్ల మంచు కొండలు దిగి మా గుమ్మంలోకే వచ్చేది. అమ్మ లేచి పొయ్యి రాజేసేది. పచ్చి కట్టెల పొగకు కళ్లు మండుతుంటే, నాన్న గొంతు సవరించుకుని ప్రార్థన మొదలుపెట్టేవాడు. ఆయన ప్రార్థనలో దేవుడికి స్తోత్రం ఎంతుండేదో, ఆ రోజు చెయ్యాల్సిన తూముల పని కూడా అంతే ఉండేది. తర్వాత వేడి చోడి అంబలి, అంటే రాగి జావే, నంజుకోవడానికి ఉల్లిపాయ, ఆ పైన మన్యం జ్వరానికి క్వినైను. దాని చేదు మధ్యాహ్నం దాకా నాలుక మీదే ఉండేది. ఇప్పటికీ తడి గోనె వాసన, కొత్తగా పగిలిన రాతి వాసన తగిలితే నా నోరు చేదవుతుంది.

నాన్నకు ఒక అలవాటుంది. వాన మొదలైందంటే అందరూ ఇంట్లోకి వస్తారు, ఆయన బయటికి పోతాడు. తల మీద ఆకుల గిడుగు పెట్టుకుని, పంచె ఎగ్గట్టి, రోడ్డు పొడవునా నడిచేవాడు. నీరు ఎటు పోతోంది, ఎక్కడ ఆగుతోంది, ఏ తూము మూతి ఆకులతో పూడింది, అదే ఆయన చూసేది. కనిపించిన ఆకులు కాలితోనే తోసేవాడు. ఎండ కాసిన రోజు ఆ చోట్లకు మళ్లీ పోయి వంపు బద్ద పెట్టేవాడు. అది నిలువెడు పొడవున్న చెక్క, అడుగు అంచు వంపుగా కోసి ఉండేది. రోడ్డు నడుమ ఎత్తుగా, అంచులకు వాలుగా, తాబేటి వీపులా ఉంటే ఆ బద్ద రోడ్డుకు అతుక్కుని కూర్చునేది. కింద సందు కనబడిందంటే అక్కడ మళ్లీ కంకర, మొరం, నీళ్లు, దిమ్మిస. "పెళ్లాం వంక ఇలా చూసుంటే నేనెంత బాగుపడేదాన్నో" అని అమ్మ ఎకసెక్కెం ఆడేది. నాన్న నవ్వేవాడు కాదు గాని, ఆ రోజు మాత్రం నీళ్ల కావడి ఆయనే మోసేవాడు.

ఇక్కడ ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఆ రోడ్డు ఇష్టపడి వేసినవాళ్లు తక్కువ. పక్కనున్న కొండవాళ్ల ఊరు పనసపుట్టు నుంచి ఆడా మగా పనికి వచ్చేవారంటే, దొరల తరఫున ఆ ఊళ్ల మీద పెత్తనం చేసే ముఠాదారు రమ్మన్నాడు గనక వచ్చేవారు. తమ పోడు చేలు వదిలి, తమకు అవసరం లేని దారికి రాయి కొట్టేవారు. వాళ్లకు కాలిబాటలున్నాయి. రోడ్డు కావలసింది దుంగలు దింపుకునేవాళ్లకు, తుపాకులు ఎక్కించుకునేవాళ్లకు. నాన్న వాళ్లను ఒక్క మాట అనేవాడు కాడు. అయినా ఆయన చేతిలో ఉన్నది దొరల పనే. నేను అప్పుడు చూసింది ఒక మంచి మనిషి చేస్తున్న మంచి పనిని. ఇప్పుడు తలచుకుంటే ఆ మంచితనం కింద ఇంకొకరి చెమట కనిపిస్తుంది. ఆ పనికి వచ్చేవాళ్లలో సుక్రి ఒకామె. అమ్మ ఈడుది. అమ్మకు పిప్పళ్లు, తేనె తెచ్చి ఇచ్చేది, అమ్మ దగ్గర ఉప్పు తీసుకునేది. ఒకరి భాష ఒకరికి సగమే తెలుసు. ఆ సగంతోనే ఇద్దరూ గంటలు గంటలు మాట్లాడుకునేవారు.

మా ఇంటికి దిగువన ఊట మలుపు ఉండేది. పైన కొండలోంచి ఏడాది పొడవునా సన్నగా నీరు ఊరేది గనక ఆ పేరు. ప్రతి వానాకాలం అక్కడ గట్టు జారేది, నాన్న మళ్లీ కట్టేవాడు. ఒక శ్రావణంలో మా తమ్ముడు సామ్యేలుకు జ్వరం తగిలింది. అప్పుడప్పుడే తప్పటడుగులు వేస్తున్నాడు. క్వినైను ఇచ్చారు, తడిగుడ్డలు వేశారు, తగ్గలేదు. కింద మిషను ఆసుపత్రికి తీసుకుపోదామని డోలీ కట్టించి అమ్మనూ వాణ్నీ కూర్చోబెట్టి, నన్ను నాన్న భుజాన వేసుకుని బయల్దేరాం. ఊట మలుపు దగ్గర రోడ్డు లేదు. రాత్రి జారిన మట్టి మీదుగా ఎర్రటి నీరు విరుచుకుపడుతోంది. నీరు తగ్గేదాకా ఆగుదామన్నారు డోలీ మోసేవాళ్లు. ఆగాం. నీరు తగ్గేలోగా మా తమ్ముడు అమ్మ ఒళ్లోనే పోయాడు. వానలో వెనక్కి తీసుకుపోయే ఓపిక ఎవరికీ లేదు. మలుపుకు కాస్త పైన, గట్టి నేల చూసి పాతిపెట్టారు. పాస్టరు గారు లేరు, నాన్నే ప్రార్థన చేశాడు. ఆ రోజు ఆయన ప్రార్థనలో తూముల మాట లేదు.

ఆ తర్వాత చాలా రోజులు అమ్మ నాన్నతో మాట్లాడలేదు. ఆయన కట్టిన రోడ్డు ఆ ఒక్క రోజు నిలవలేదని ఆమె అననూ లేదు. అనకపోవడమే నాన్నను తినేసింది. వానలు వెలిశాక అమ్మ శృంగవరపుకోట దగ్గరున్న పుట్టింటికి పోయి, వాళ్ల నూతి గట్టు మీద పెరిగే వట్టివేరు దుబ్బులు తడిగుడ్డలో చుట్టి తెచ్చింది. తమ్ముణ్ని పెట్టిన చోట చుట్టూ నాటింది. ఎందుకని నేనడిగితే, "ఆడు మా ఊరు సూడనేదు. వాసనైనా తెలియాల గదా" అంది. ప్రతి ఆదివారం ఇంట్లో ప్రార్థన అయ్యాక చెంబుతో నీళ్లు తీసుకుని వెళ్లేది. చలికాలం గడిచేసరికి ఆ గడ్డి నా నడుము దాకా పెరిగింది.

వేసవిలో హుకుం వచ్చింది. దుంగల బళ్లు, మోటార్లు తిరగడానికి వీలుగా ఊట మలుపు వెడల్పు చెయ్యాలి, వానలకు ముందే అయిపోవాలి. ఓవర్సీరు వచ్చి చూసి, కొండ వైపు లోపలికి తవ్వమని చెప్పి పోయాడు. నాన్న కూలీలతో సున్నం గీత వేయించాడు. ఆ గీత సరిగ్గా తమ్ముడి మీదుగా పోయింది. ఆ పూట నాన్న అన్నం ముందు కూర్చుని కలుపుతూనే ఉన్నాడు, తినలేదు. మర్నాడు ఆ గీత చెరిపించి, లోయ వైపుకు జరిపి, బయట మట్టి నింపి దాని మీద రోడ్డు తిప్పేలా కొత్త గీత గీయించాడు. ఓవర్సీరు అడిగితే లోపల రాయి తగిలిందని చెప్పాడు. అబద్ధం ఆడితే నాలుక మీద సబ్బు రుద్దిన తండ్రి ఆయన. ఆ మాట ఆయన అనడం నా చెవులతో విన్నాను.

ఆదివారం నీళ్ల చెంబుతో పోయిన అమ్మ చాలాసేపు అక్కడే నిలబడింది. చెరిపిన గీత కూడా మట్టి మీద పాలిపోయి కనిపిస్తూనే ఉంది. రెండు గీతలూ చూసింది, ఇంటికి వచ్చింది. సాయంత్రం నాన్నకు అన్నం పెడుతూ మామూలుగానే అడిగింది.

"అటేపు నింపుడు మట్టే గదా?"

"రాతి గోడ కట్టిస్తాన్లే" అన్నాడు నాన్న కంచంలోకి చూస్తూ.

"గోడెనక నీరు సేరదేటి?"

నాన్న కంచం పక్కకు జరిపాడు.

"మీరే గదా సెప్తారు, నింపిన మట్టి మీద రోడ్డేస్తే మొదటి వానకే దిగిపోద్దని. ఆడి కోసం అబద్ధమాడి రోడ్డు అటు తిప్పినారు. రేపు ఇంకో తల్లి గుంటణ్ని ఒళ్లో ఎట్టుకుని అక్కడ నిలబడితే, ఆమెకేటి సెప్తారు?"

"ఆడి మీద పలుగు ఏయించమంటావా నన్ను? నా చేత్తో?" అంటూ నాన్న ఏడ్చేశాడు. అంతవరకూ ఆయన ఏడవడం నేను చూడలేదు.

అమ్మ ఆయన ముందు మంచినీళ్లు పెట్టింది. "మీరు ఏయించకండి. గీత మాత్రం లోపలికి జరపండి" అంది. మర్నాడు పొద్దున్నే నాన్న, ఓవర్సీరుకు నిజం చెప్పి వస్తానని అనంతగిరి బంగళాకు నడిచి వెళ్లాడు.

ఆ వారమే ఇటుకల పండుగ. చైత్రంలో ఆ కొండవాళ్లకు అది పెద్ద పండుగ. మగవాళ్లు విల్లంబులు పట్టుకుని వేటకు పోతారు. ఆడవాళ్లు దారికి అడ్డంగా వెదురు గెడ కట్టి, పాటలు పాడుతూ, వచ్చేపోయే ప్రతివాణ్నీ ఆపుతారు. ఏదో ఒకటి ఇస్తేగాని గెడ ఎత్తరు. దొరైనా సరే, ముఠాదారైనా సరే. పాటలో నాలుగు తిట్లు కలిపి మరీ ఆపుతారు. ఏడాదంతా రాయి కొట్టించుకునే ఆ రోడ్డు ఆ నాలుగు రోజులూ వాళ్లది. పండుగ వెళ్లేదాకా పనసపుట్టువాళ్లు నేలకు ఇనుము తగలనివ్వరు. పార దించరు, గునపం వెయ్యరు. రోడ్డు పని నిలిచిపోయింది. పలుగులన్నీ మా రెండో గదిలో గోడకు ఆనించి ఉన్నాయి.

నాన్న వెళ్లిన మర్నాడు అమ్మ తలంటి పోసుకుంది. పెట్టెలోంచి కొత్త తెల్లగుడ్డ తీసి వెదురుబుట్టలో వేసింది. గోడ దగ్గర ఒక చిన్న గునపం తీసి అదీ బుట్టలో పెట్టింది. నా చేతికి నీళ్ల ముంత ఇచ్చి పదమంది. కూలీలు తిరిగి రాకముందే, ఎవరి పలుగూ పడకముందే, ఆ పని తనే చేసుకోవాలనుకుంది. మలుపుకు ఇవతల వెదురు గెడ అడ్డంగా ఉంది. సుక్రి, ఇంకా పదిమంది ఆడవాళ్లు తలల్లో పూలు పెట్టుకుని ఆడుతున్నారు. అమ్మను చూడగానే కేకలు వేసి చుట్టూ మూగారు.

"ఓ మేస్త్రమ్మా, ఏటి తెచ్చినావు? ఇయ్యి, బేగి ఇయ్యి" అంది సుక్రి, నవ్వుతూ బుట్టలో చెయ్యి పెట్టి. గుడ్డ చేతికి తగిలింది. తర్వాత గునపం తగిలింది. సుక్రి అమ్మ ముఖం చూసింది, మలుపు పైనున్న గడ్డిని చూసింది. ఆమె నవ్వు ఆగిపోయింది. చేయెత్తితే పాట కూడా ఆగిపోయింది.

"ఇనుము వొద్దమ్మా" అంది సుక్రి. "ఈ రోజుల్ల నేలతల్లికి ఇనుము తగలకూడదు."

"నాకు మళ్లీ రోజు లేదు సుక్రీ. పండగెల్తే పలుగులొచ్చెస్తాయి" అంది అమ్మ. అని అక్కడే రోడ్డు మీద కూలబడిపోయింది. తమ్ముడు పోయిన రోజు కూడా ఆమె అలా కూలబడలేదు.

సుక్రి తమవాళ్లతో వాళ్ల భాషలో ఏదో అంది. వాళ్లలో ఒక ముసలావిడ గట్టిగా ఏదో అభ్యంతరం చెప్పింది. కాసేపు వాదించుకున్నారు. తర్వాత ఆ ముసలావిడే ముందు లేచి, దారి పక్క నుంచి ఒక వెదురుముక్క విరిచి, రాతి మీద మొన తీసింది. ఇనుము తగలకూడదు, వెదురు తగలవచ్చు. గెడ ఎత్తి అమ్మను లోపలికి తీసుకుపోయారు. గునపం మాత్రం గెడ దగ్గరే ఉండిపోయింది. దాని పక్కన నన్నూ కూర్చోబెట్టారు. పైన వాళ్లు చేతులతో, వెదురుముక్కలతో మట్టి తీస్తుంటే నాకు వాళ్ల వీపులే కనిపించాయి.

అప్పుడే నాన్న బంగళా నుంచి తిరిగి వచ్చాడు. గెడ దగ్గర కాపలా ఉన్న ఇద్దరు ఆడపిల్లలు ఆయన్ని ఆపారు. రోజూ తన మాట మీద రాయి ఎత్తే మనుషులు ఆయన్ని ఆయన రోడ్డు మీదే ఆపేశారు. "ఏటి జరగతంది?" అని నన్నడిగాడు. నేను పైకి చూపించాను. గెడ నడుము ఎత్తులోనే ఉంది, కావాలంటే దాటవచ్చు. ఆయన దాటలేదు. తలపాగా తీసి, నా పక్కన రోడ్డు మీద కూర్చున్నాడు. "నేను సెప్పీసినాను, లోపలికే తవ్వుతాం" అన్నాడు, ఎవరికి చెబుతున్నాడో తెలియకుండా. అమ్మ తెల్లగుడ్డలో చుట్టింది ఎత్తుకుని ఇంకా పైకి వెళ్లడం ఇద్దరం చూశాం. ఒకప్పుడు వాణ్ని ఎలా ఎత్తుకునేదో అలాగే ఎత్తుకుంది. వాళ్ల పని అయ్యాక సుక్రి వచ్చి గెడ ఎత్తింది. ఆయన దగ్గర ఏమీ అడగలేదు.

కొత్త చోట అమ్మ ఒక రాయి పెట్టింది, పేరు లేని రాయి. పాత చోటున్న వట్టివేరు ఒక్క పిలక కూడా పారెయ్యలేదు. విడదీస్తే చాలా వచ్చాయి, ఆ చిన్న సమాధికి అన్ని అక్కర్లేదు. మిగిలినవన్నీ మలుపు తవ్వడం అయ్యాక కోత అంచున వరసగా నాటించింది. నాన్న కొండ మొదట్లో పక్క కాలువ వేయించాడు, గోడలో నీరు పోయే కన్నాలు పెట్టించాడు. ఆ వానాకాలం ఊట మలుపు జారలేదు. ఆ పై ఏడూ జారలేదు. కాలువ వల్లా, గడ్డి వల్లా అని నన్నడిగితే నాకు తెలియదు. మా ఇంట్లో కూడా ఆ చర్చ ఎవరూ పెట్టలేదు. నాన్న మాత్రం వానలో నడిచేటప్పుడు ఆ గడ్డిలో కలుపు తీసేవాడు. రెండేళ్లకు చెల్లెలు పుట్టింది, ఆ రోడ్డు మీదుగానే బండిలో కిందికి దిగి, ఆసుపత్రిలో.

ఇప్పుడు ఆ ఘాటీలో కార్లు పాటలు పెట్టుకుని పోతాయి. ఎవరూ ఆగరు, ఆగనక్కర్లేదు కూడా. మంచి రోడ్డంటే గుర్తుండనిదే. నాన్నకు తెలియని సంగతులు ప్రభాకర్‌కు తెలుసు. కొండ కడుపులోకి గొట్టం వేసి నీటిమట్టం చూడవచ్చని తెలిస్తే ఆయన ఎంత సంబరపడేవాడో. ఆయన దగ్గర గిడుగూ, రెండు కాళ్లూ, ఒక బద్దే ఉండేవి. ముఠాదారు పోయాడు, కూలీలకు ఇప్పుడు రోజు కూలి వస్తోంది. ఆ రోజులే బాగున్నాయని నేననను. బాగున్నది కొందరు మనుషులు. సుక్రి లాంటివాళ్లు, తమ కట్టుబాటును తెంచకుండానే దాని లోంచి ఒక తల్లికి దారి తీసినవాళ్లు.

ఇదంతా నేను తలచుకుంటూ ఉండిపోతే ప్రభాకర్ కాఫీ గ్లాసు కింద పెట్టి, "ఏంటి పెద్దమ్మమ్మా, గడ్డి పట్టుకుని అలా ఉండిపోయావు?" అన్నాడు. ఎక్కడ తవ్వావురా దీన్ని అని అడిగాను.

"అదే చిత్రం. ఘాటీలో ఒక మలుపుంది, పక్కనే ఊట. కోత అంచున ఈ గడ్డి వరసగా ఉంది. ఎవరు నాటారో మా ఆఫీసులో ఎవరికీ తెలియదు. ఎన్ని వానలొచ్చినా అక్కడ గట్టు చెక్కుచెదరలేదు. ఆ పిలకలే తీసి మిగతా మలుపుల మీద నాటిస్తున్నాం. ఈ ఏడు ఆ మలుపు కూడా ఇంకా లోపలికి తవ్వాలి."

"ఆ వరసకి పైన ఓ రాయుంటాది" అన్నాను.

"ఉంది. అక్కడిదాకా తవ్వాల్సొస్తుంది. నీకెలా తెలుసు?"

చెప్పాను. అంతా విని వాడు తల వంచుకుని, గోనెసంచి అంచు మడతపెడుతూ కూర్చున్నాడు. వాడి అమ్మమ్మకు అన్న ఒకడు ఉండేవాడని వాడికి అప్పటిదాకా తెలియదు. చివరికి, "గీత బయటికి జరపొచ్చేమో చూస్తాను. అటువైపు మట్టి నింపి, పెద్ద గోడ కట్టి..." అన్నాడు.

"అటేపు నింపుడు మట్టిరా" అన్నాను. "గీత జరపకు. తవ్వే రోజు మాత్రం నాకు ముందు సెప్పు, కొత్త గుడ్డ పట్టుకుని వస్తాను. ఆ కాస్త చోట ఇనుము తగలనివ్వొద్దని మీవాళ్లతో సెప్పు."